వేన్నీళ్ళకు చన్నీళ్ళు: విశాఖలో చలికాలపు ఖర్చు కథ

2005 డిసెంబరు. మినియాపొలిస్‌లో నలుగురు బ్యాచిలర్లం కలిసి ఒక పాత ఇల్లు అద్దెకు తీసుకుని ఉంటున్నాం. ఆ ఆగస్టులోనే కత్రినా తుఫాను గల్ఫ్ తీరాన్ని ఊడ్చిపెట్టి వెళ్ళింది. దాంతో అమెరికా అంతటా సహజవాయువు ధర అప్పటిదాకా ఎన్నడూ లేనంత ఎత్తుకి ఎగిరి కూర్చుంది. ఆ నెల మా గ్యాసు బిల్లు 260 డాలర్లు. అప్పటి రేటులో పన్నెండు వేల రూపాయలకి కొంచెం తక్కువ.

ఆదివారం ఫోన్లో ఈ సంగతి ఇంట్లో చెప్తే, మామ్మ అమ్మ చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ఏట్రా, నెలకి పన్నెండు వేలా? నీళ్ళు కాచుకోడానికే?"

"నీళ్ళకి కాదు మామ్మా, ఇల్లంతా కాయాలి ఇక్కడ."

"ఇల్లు కాయడవేటి, ఇల్లేవన్నా కాగేటి?"

అప్పుడు నవ్వుకున్నాం గానీ, తర్వాత ఆలోచిస్తే మామ్మ అడిగిన దాంట్లో చాలా విషయం ఉంది. విశాఖపట్నం మనిషికి చలికాలపు ఖర్చు అంటే స్నానం నీళ్ళ ఖర్చే. ఇల్లు వేడిచేసుకోవడం అన్న ఆలోచనే మనకి లేదు. జనవరి రాత్రి పదిహేడు, పద్దెనిమిది డిగ్రీలకు పడితే మనం మఫ్లర్లు తీస్తాం, మినియాపొలిస్ వాడు అదే ఉష్ణోగ్రతకి చొక్కా తీసేసి పార్కులో పడుకుంటాడు :-) కానీ వేన్నీళ్ళు మాత్రం కావాలి. అవి కాచుకోడానికి మా ఇంట్లో మూడు తరాలుగా ఏమేం తగలబెట్టారో లెక్క తీస్తే, విశాఖ చరిత్ర సగం అందులోనే కనపడింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు ఆ బిల్లు కథ ముగించేస్తాను. మేం చేసినవి అక్కడ అందరూ చేసేవే. థర్మోస్టాట్ 62 ఫారెన్‌హీట్‌కి దించడం, కిటికీలకి పల్చటి ప్లాస్టిక్ పొర అంటించి హెయిర్ డ్రయ్యర్‌తో బిగించడం, తలుపుల కింద పాత తువ్వాళ్ళు దోపడం. తర్వాతి నెల బిల్లు కొంచెం తగ్గింది, నలుగురికీ జలుబు చేసింది. మా రూమ్మేటు ఒకడు అమెరికా రాజకీయాల పిచ్చోడు. జిమ్మీ కార్టర్ 1977 ఫిబ్రవరిలో ఊలు స్వెట్టరు వేసుకుని టీవీలో కూర్చుని, ఇళ్ళల్లో పగలు 65, రాత్రి 55 డిగ్రీలే పెట్టుకోండని దేశాన్ని అడిగాడని వాడే చెప్పాడు. పొదుపు గురించి ఒక అధ్యక్షుడు స్వెట్టరేసుకుని చెప్పాల్సొచ్చిందంటే అక్కడ వేడి ఎంత పెద్ద ఖర్చో అర్థమవుతుంది. అమెరికా ఇంట్లో ఇంధనంలో పెద్ద వాటా గదులు వేడెక్కించడానికే పోతుంది, వేన్నీళ్ళది రెండో స్థానం. మనకి మొదటిది లేదు కాబట్టి రెండోదే మొదటిది.

"లేదు" అన్నాను గానీ, పూర్తిగా లేదని కాదు. ఏప్రిల్ 2022 దాకా విశాఖ జిల్లాలోనే ఉండి ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళిన చింతపల్లి మండలంలో లంబసింగి ఉంది. చలికాలంలో అక్కడ సున్నా దాకా దిగుతుంది. దానికి కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతాడు కాబట్టి ఆ పేరని చెప్తారు. అక్కడి ఇళ్ళల్లో వంటపొయ్యే హీటరు. కింద మైదానంలో చూస్తే, గది వేడిచేసే అలవాటు ఒక్క సందర్భంలోనే ఉండేది, బాలింతకి. మంచం కింద నిప్పుల కుంపటి పెట్టేవారు. తలుపులు బిడాయించిన గదిలో బొగ్గుల కుంపటి ఎంత ప్రమాదమో ఇవాళ మనకి తెలుసు. ఆ రోజుల్లో చూరుకీ గోడకీ మధ్య ఖాళీ ఉండేది కాబట్టి బతికిపోయారు అనుకుంటాను.

ఇక అసలు కథ, అంటే నీళ్ళ కథ.

మా తాతగారు వాల్తేరు రైల్వే లోకోషెడ్డులో ఫిట్టరు. వాల్తేరు అని ఎందుకన్నానంటే, ఇవాళ మనం విశాఖపట్నం స్టేషను అంటున్నదాన్ని 1987 దాకా వాల్తేరు అనే పిలిచేవారు. బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళు ఈ ఊరికి చేసినది తక్కువేం కాదు. 1933లో తెరిచిన రేవుని కట్టినది కూడా ఆ రైల్వే కంపెనీయే. మధ్య పరగణాల మాంగనీసు ఖనిజాన్ని సముద్రం దాటించాలి, అదీ వాళ్ళ లెక్క. ఆ ఖనిజంతో పాటు ఊరికి కూలీలొచ్చారు, గుమాస్తాలొచ్చారు, వాళ్ళందరి స్నానాలకీ వంటలకీ కట్టెలు కావాల్సొచ్చాయి.

కట్టెలు అడితిలో మణుగుల లెక్కన అమ్మేవారు. తీరం పొడుగునా భీమిలి దాకా ఉన్న సరుగుడు తోటలు మనకి ఇవాళ పిక్నిక్ స్పాట్లు. అసలు మద్రాసు ప్రెసిడెన్సీలో 19వ శతాబ్దంలో తీరం వెంట సరుగుడు తోటలు పెంచడానికి ఒక పెద్ద కారణం రైలింజన్లకి కట్టెలు. తర్వాత ఇంజన్లు బొగ్గుకి మారాయి, సరుగుడు మన పొయ్యిల్లోకి వచ్చింది. నిటారుగా ఉంటుంది, ఎండితే బాగా మండుతుంది, చీల్చడం తేలిక. ఇది కాక సింహాచలం కొండల నుంచీ కంబాలకొండ వైపు నుంచీ ఆడవాళ్ళు నెత్తిన మోపులు పెట్టుకుని తెల్లారేసరికి ఊళ్ళోకి దిగేవారు. అడితి కంటే చవక. ఎందుకు చవక అంటే, ఆ మోపుకి వాళ్ళు నడిచిన దూరం ధరలో కలవదు కాబట్టి. కంబాలకొండ 2002లో అభయారణ్యం అయ్యింది, కట్టెలు కొట్టడం నేరం అయ్యింది. అడవికి మంచిదే. మోపు అమ్ముకున్నవాళ్ళ సంగతి ఏ గెజిట్లోనూ ఉండదు.

మా ఇంట్లో నీళ్ళు కాచింది రాగి బాయిలరు. తాతగారి పెళ్ళినాటిది. చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను: రెండడుగుల ఎత్తు రాగి పీపా, దాని మధ్యలో నిలువునా ఒక గొట్టం, అడుగున జల్లెడ. నిప్పు ఆ మధ్య గొట్టంలో ఉంటుంది, చుట్టూ నీళ్ళు. డేగిసా కింద మంట పెడితే సగం వేడి పక్కల నుంచి గాల్లోకి పోతుంది. బాయిలర్లో మంటే నీళ్ళ మధ్యలో కూర్చుంటుంది కాబట్టి పోవడానికి పైన గొట్టం తప్ప దారి లేదు. రైలింజను బాయిలర్లో కూడా ఇదే సూత్రం, నిప్పు పొగ గొట్టాల్లోంచి వెళ్తుంది, నీళ్ళు చుట్టూ ఉంటాయి. "ఇది మా ఇంజనుకి మనవరాలు" అనేవారట తాతగారు. దాన్ని చింతపండుతో తోమించి మెరిపించడం ఆయన సరదా. తోమడం మామ్మ పని.

ఆవిరి ఇంజన్ల రోజుల్లో షెడ్డు పక్కన ఇంకో ఇంధనం దొరికేది. ఇంజను బూడిద గుంటలోకి దులిపినప్పుడు సగం కాలిన బొగ్గు పడేది. కంచరపాలెం వైపు పిల్లలు తట్టలు పట్టుకుని ఏరుకునేవారు. ఉద్యోగి ఇంటికి రైల్వే బొగ్గు రావడం దొంగతనం కిందకొస్తుందని తాతగారు ఒక్క ముక్క కూడా ఇంటికి తేనివ్వలేదు. కానీ ఏరిన పిల్లల దగ్గర మామ్మ కొనేదట. ఇది ఆయనకి తెలియదని మామ్మ చివరిదాకా నమ్మింది. ఇరవై ఏళ్ళు షెడ్డులో పనిచేసిన మనిషికి బొగ్గు పొగ వాసనా కట్టె పొగ వాసనా తేడా తెలియదా? తెలిసే ఊరుకుని ఉంటారు.

ఆ తర్వాత పొట్టు పొయ్యి. నేను కళ్ళారా చూసినవాటిలో మొదటిది ఇదే. ఒక రేకు డబ్బా, అడుగున పక్కగా ఒక కన్నం. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి చుట్టూ రంపపు పొట్టు పోసి కూరాలి. గట్టిగా కూరి, సీసాని మెల్లగా తిప్పుతూ బయటికి లాగితే మధ్యలో బావిలా ఖాళీ మిగులుతుంది. కింద కన్నంలో చిన్న పుల్ల వెలిగిస్తే రెండు మూడు గంటలు నెమ్మదిగా కాలుతుంది. ఊదక్కర్లేదు, కదపక్కర్లేదు. కదిపితే మాత్రం పొట్టు కూలిపోయి ఇల్లంతా పొగ. మామ్మ నాకు అప్పగించిన మొదటి "ఉద్యోగం" ఈ కూరడమే. వదులుగా కూరితే కూలుతుంది, మరీ బిగిస్తే గాలాడదు. తర్వాత రోజుల్లో సర్వర్లో మెమరీ ఎంత ఇవ్వాలీ అని తల బద్దలు కొట్టుకున్నప్పుడల్లా ఆ పొట్టు పొయ్యే గుర్తొచ్చేది. కోతమిల్లులో పొట్టు దాదాపు ఉత్తినే వచ్చేది, గోనెసంచీ మోసుకెళ్తే చాలు. డబ్బు లెక్కలో చూస్తే మా ఇంటి చరిత్రలో వేన్నీళ్ళు అన్నిటికన్నా చవగ్గా దొరికిన కాలం అదే.

డబ్బు లెక్కలో అని ఎందుకన్నానో కిందకి వస్తాను.

ఇంతలో ఊరికి నూనె వచ్చింది. 1957లో కాల్టెక్స్ వాళ్ళ రిఫైనరీ మల్కాపురం వైపు మొదలైంది. తర్వాత జాతీయమై 1978లో హిందుస్తాన్ పెట్రోలియంలో కలిసింది. రాత్రిపూట ఆ మంట డాల్ఫిన్స్ నోస్ కొండకి ఇవతల ఆకాశాన్ని ఎర్రగా చేసేది. చిన్నప్పుడు అది వాళ్ళ వంటపొయ్యి అనుకునేవాణ్ణి. తమాషా ఏంటంటే, ఊరి చివర్లోనే గ్యాసు తయారవుతున్నా ఊళ్ళో వాళ్ళకి కనెక్షను కావాలంటే ఏళ్ళ తరబడి జాబితాలో పేరు రాయించుకుని కూర్చోవాలి. 1980ల్లో దేశమంతా అదే పరిస్థితి. పెళ్ళి సంబంధంలో "గ్యాసుంది" అని చెప్పుకునే రోజులవి. దొరికిన సిలిండరు వంటకే చాలదు, ఇంక నీళ్ళు కాచడానికా? రేషను కిరోసిను స్టవ్వు మీద కాఫీ, బాయిలర్లో స్నానం, అలా సర్దుబాటు. 1999లో దీపం పథకం వచ్చాక రాష్ట్రంలో పేదిళ్ళకి కూడా గ్యాసు పొయ్యి వెళ్ళింది. అక్కడా వంటకి గ్యాసు, నీళ్ళకి కట్టె, చాలా ఇళ్ళల్లో ఇదే పద్ధతి కొనసాగింది. సిలిండరు అయిపోతుందని భయం. 2024 నవంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అర్హులకి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం చేసారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో పెరట్లో నీళ్ళ పొయ్యి ఆరిందా అంటే, నేను చూసిన మేరకు ఆరలేదు.

ఆ గ్యాసు ఎక్కణ్ణించో ఓడల్లో వచ్చి ఇక్కడ దిగుతుంది. 1997 సెప్టెంబరు 14న రిఫైనరీలో గ్యాసు లీకై అంటుకుంది. పదుల సంఖ్యలో మనుషులు కాలిపోయారు, గాజువాక నుంచి పాత పోస్టాఫీసు దాకా జనం రోడ్ల మీద పరుగులు పెట్టారు. మేం ఉక్కునగరంలో మేడ మీద నుంచి నల్లటి పొగ చూసాం. నాన్న నైట్ డ్యూటీ చేసొచ్చి కూడా పడుకోలేదు. ఆ తర్వాత పదేళ్ళకి, 2007 చివర్లో, అదే ప్రాంతంలో రాతి కొండ కింద దాదాపు రెండొందల మీటర్ల లోతున గుహ తవ్వి 60,000 టన్నుల గ్యాసు దాచే ఏర్పాటు చేసారు. దక్షిణాసియాలో అలాంటిది అదే మొదటిది. పైనున్న భూగర్భజలం ఒత్తిడే గ్యాసుని బయటికి రాకుండా కాపలా కాస్తుంది. స్టవ్వు మీద గిన్నెడు నీళ్ళు పెట్టినప్పుడు ఇదంతా మనకి గుర్తుండదు. గుర్తుంచుకోవాలని కూడా అనడం లేదు, ఎక్కడి వేడి ఎలా వస్తోందో చెప్తున్నానంతే.

ఇప్పుడు ఉక్కు. నేను చెప్పాలనుకున్న భాగం నిజానికి ఇదే.

నాన్న 1985లో స్టీల్ ప్లాంటులో చేరారు. "విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు" ఉద్యమం 1966లో, ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన 1970 ఏప్రిల్‌లో, శంకుస్థాపన 1971 జనవరిలో, మొదటి బ్లాస్ట్ ఫర్నేసు "గోదావరి" వెలిగింది 1990లో. శంకుస్థాపనకీ నిప్పుకీ మధ్య పంతొమ్మిదేళ్ళు. 64 గ్రామాల వాళ్ళు ఖాళీ చేసారు. ఇవన్నీ మీకు తెలిసినవే. అంతగా ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది.

ఇనుము కరిగించడానికి బొగ్గుని నేరుగా వాడరు, గాలి తగలకుండా కాల్చి కోక్ చేస్తారు. ఓవెన్ లోంచి తోసినప్పుడు ఆ కోక్ వెయ్యి డిగ్రీల పైన ఎర్రగా వెలుగుతూ ఉంటుంది. గాలి తగిలితే తగలబడిపోతుంది కాబట్టి వెంటనే చల్లార్చాలి. పాత పద్ధతి ఏంటంటే దాని మీద నీళ్ళు గుమ్మరించడం. తెల్లటి ఆవిరి మేఘం పైకి లేస్తుంది, ఆ వేడంతా ఆకాశానికి అర్పణం. భిలాయి, రూర్కెలా లాంటి పాత ప్లాంట్లు మొదలైంది ఆ పద్ధతితోనే. విశాఖలో అలా చెయ్యలేదు. మూసిన గదిలో నైట్రోజన్ని తిప్పి కోక్‌ని రెండొందల డిగ్రీల దాకా చల్లారుస్తారు, వేడెక్కిన ఆ నైట్రోజను బాయిలర్లో ఆవిరి పుట్టిస్తుంది, ఆవిరి టర్బైన్ తిప్పుతుంది. స్విట్జర్లాండులో సుల్జర్ కంపెనీ 1920ల్లో మొదలుపెట్టిన ఆలోచన ఇది. 1960ల నుంచి సోవియట్ యూనియన్ వాళ్ళు పెద్ద ఎత్తున పట్టాలెక్కించారు. మన దేశంలో తయారయ్యే కోక్ మొత్తానికీ ఈ పద్ధతే పెట్టుకున్న మొదటి ప్లాంటు విశాఖదే.

కొంచెం లెక్క. టన్ను కోక్ వెయ్యి నుంచి రెండొందలకి దిగితే విడుదలయ్యే వేడి సుమారు మూడొందల ముప్పై యూనిట్లు. ఇరవై లీటర్ల బకెట్టుని పాతిక డిగ్రీల నుంచి నలభైకి తేవడానికి కావాల్సింది 0.35 యూనిట్. అంటే ఒక్క టన్ను ఎర్రటి కోక్‌లో తొమ్మిదొందల పైచిలుకు బకెట్ల వేన్నీళ్ళు దాగున్నాయి. ఆ ఆవిరితో నడిచే రెండు టర్బైన్లు ఒక్కోటి 7.5 మెగావాట్లు. 2 కిలోవాట్ల గీజర్లు 7,500 ఒకేసారి వేసినంత కరెంటు, పారెయ్యాల్సిన వేడి నుంచి. నాన్న పనిచేసింది కోక్ ఓవెన్స్ లోనే. ఆయనకి ఇది గర్వం. "మీ తాత ఇంటి నిప్పు పొగ గొట్టంలోకి పోకుండా చూసేవాడు, నేను ప్లాంటు నిప్పు పోకుండా చూస్తున్నాను" అనేవారు.

స్వీడన్ ఉత్తరాన లూలియో అని ఒక ఊరుంది, అది కూడా రేవూ, ఉక్కూ ఉన్న ఊరే. అక్కడి స్టీల్ ప్లాంటు నుంచి వచ్చే గ్యాసుని కాల్చి 1980ల నుంచి ఊరంతటికీ గొట్టాల్లో వేన్నీళ్ళు పంపిస్తున్నారు. ఇళ్ళు వెచ్చగా ఉండేది ఆ నీళ్ళతోనే. నా మినియాపొలిస్ బిల్లు మీద లూలియో వాడు జాలిపడతాడు. ఇప్పుడు ఆ ప్లాంటు యజమానులు బ్లాస్ట్ ఫర్నేసు తీసేసి విద్యుత్ కొలిమి పెట్టాలని నిర్ణయించారు. కర్బనం తగ్గుతుంది, మంచిదే. మరి ఊరికి వేడి ఎక్కణ్ణించి తేవాలీ అని వెతుక్కుంటున్నారు. ఒక ప్లాంటుకీ ఊరికీ మధ్య ఎన్ని గొట్టాలుంటాయో, తీసేద్దామనుకున్నప్పుడే తెలుస్తుంది. 2021 జనవరిలో విశాఖ ఉక్కులో నూరు శాతం వాటా అమ్మేయాలని కేంద్ర మంత్రివర్గ సంఘం నిర్ణయించినప్పుడు, 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించినప్పుడు, టీవీ చర్చల్లో అందరూ భూమి విలువ, అప్పు, నష్టం అంటూ మాట్లాడారు. నాన్న టీవీ కట్టేసి, "ఆ టర్బైన్ల గురించి ఒక్కడూ మాట్లాడడేం" అన్నారు. ఆయన పక్షపాతం ఆయనది. నాకూ ఉంది.

ఉక్కునగరం క్వార్టర్సుకి వెళ్ళాక మొదట్లో రాడ్డు, తర్వాత 1998లో గీజరు. బాయిలరు పెరట్లో మూలకి చేరింది. అంతటితో మామ్మకి నాలుగు దశాబ్దాల తర్వాత తెల్లవారుఝామున నాలుగింటికి లేచే పని తప్పింది. లేవడం మానలేదనుకోండి, అది వేరే విషయం.

2009లో మామ్మకి ఆయాసం బాగా ఎక్కువైంది. ఊపిరితిత్తుల డాక్టరుగారు ఎక్స్‌రే చూసి నాన్నని అడిగిన మొదటి ప్రశ్న, "ఈవిడ చుట్ట కాలుస్తారా?" అని. ఉత్తరాంధ్రలో ఆ ప్రశ్న సహజమే, ఇక్కడి పాతతరం ఆడవాళ్ళలో అడ్డపొగ అలవాటు చాలామందికి ఉండేది. మామ్మకి మాత్రం మహా కోపం వచ్చింది. జీవితంలో చుట్ట ముట్టలేదు. "చుట్టా లేదు, గిట్టా లేదు. బాయిలరు ఊదేనంతే" అంది. ఆయన రాస్తున్న కలం ఆపి, ఎన్నేళ్ళు ఊదేరమ్మా అనడిగారు. నలభై రెండేళ్ళు. ఇంక ఆయనేం అడగలేదు.

ఇళ్ళల్లో కట్టె, బొగ్గు, పిడకల పొగ వల్ల 2020లో ప్రపంచవ్యాప్తంగా 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మామ్మ ఆ లెక్కలోకి రాదు, 2011లోనే పోయింది. పొట్టు పొయ్యి కాలంలో వేన్నీళ్ళు అన్నిటికన్నా చవక అని పైన రాసాను చూసారా, ఆ వాక్యం నా ఎక్సెల్ షీటులో చాలాకాలం అలాగే ఉంది. ఊదినవాళ్ళ ఊపిరికి అందులో కాలమ్ లేదు. పెట్టాలంటే యూనిట్ ఏం పెట్టాలో ఇప్పటికీ తెలియదు.

ఇక కరెంటు. పరవాడ దగ్గర ఎన్టీపీసీ సింహాద్రి 2002లో రెండు యూనిట్లతో నడక మొదలుపెట్టింది, 2012కల్లా నాలుగై 2,000 మెగావాట్లు అయ్యింది. ఆ పెద్ద డమరుకాల్లాంటి కూలింగ్ టవర్లలోంచి పోయేది పొగ అనుకుంటారు చాలామంది, అది నీటి ఆవిరి. బొగ్గు కాలిస్తే వచ్చే వేడిలో మూడింట ఒక వంతుకి కాస్త పైగా కరెంటు అవుతుంది, మిగతాదంతా ఆ టవర్లలోంచీ చిమ్నీలోంచీ పోతుంది. తీగల్లో కొంత పోతుంది. అంటే మన గీజర్లో ఒక వంతు వేడి పుట్టాలంటే పరవాడలో దాదాపు మూడు వంతుల వేడి పుట్టాలి. వేడితో కరెంటు చేసి, ఆ కరెంటుతో మళ్ళీ వేడి! మా తాతగారు వింటే నవ్వుతారు. కానీ పొగ పరవాడలో ఉంది, మా అమ్మ కళ్ళల్లో లేదు. (పరవాడ వాళ్ళు దీనికి ఏమంటారన్నది న్యాయమైన ప్రశ్న.)

మా నలుగురి ఇంట్లో రోజుకి నాలుగు బకెట్లు, 1.4 యూనిట్లు, నెలకి 42. చిన్నదే అనిపిస్తుంది. 2022లో కొత్త శ్లాబులొచ్చాక 225 దాటినప్పటి నుంచి 400 దాకా ప్రతి యూనిట్‌కి 8.75 రూపాయలు. గీజరు యూనిట్లు పైశ్లాబులో పడితే 370 రూపాయలు, కింద పడితే అందులో సగం. పొద్దున్నుంచీ స్విచ్చి వేసే ఉంచితే నీళ్ళు వాడకపోయినా అర యూనిట్ నుంచి ఒక యూనిట్ దాకా రోజూ పోతుంది. ఇక్కడో అపోహ తీర్చాలి. బాగా మరగబెట్టి చన్నీళ్ళు తొరుపుకుంటే పొదుపు అని నాన్న వాదన. వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడు అన్నది సంసారం లెక్కలో నిజం, ఫిజిక్సులో కాదు. బకెట్టులోకి వచ్చే వేడి రెండు రకాలుగానూ ఒకటే. ఎక్కువ మరిగిన ట్యాంకులోంచి గోడల ద్వారా పోయేది ఎక్కువ, అంతే తేడా. 45 దగ్గర పెట్టి, స్నానానికి పావుగంట ముందు వేసి, అందరూ వరసగా చేసేస్తే చాలు. ఈ ఒక్క మాట ఒప్పించడానికి మా ఇంట్లో పదేళ్ళు పట్టింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. గంటకి 170 కిలోమీటర్ల పైన గాలి. నేను హైదరాబాదు నుంచి నాలుగో రోజు కారులో డ్రమ్ములతో నీళ్ళేసుకుని చేరుకున్నాను. నాన్న రిటైరై కూర్మన్నపాలెంలో ఫ్లాట్ కొనుక్కున్నారప్పటికి. కరెంటు లేదు, పచ్చటి చెట్టన్నది కనపడలేదు, రోడ్డు పొడుగునా కూలిన మానులే. అపార్టుమెంటు మేడ మీద మా రాగి బాయిలరు వెలుగుతోంది. వరసలో పదకొండు కుటుంబాల బకెట్లు. వాచ్‌మన్ కొడుకు కొమ్మలు నరుకుతున్నాడు, అమ్మ ఊదుతోంది, పచ్చికట్టె కదా, ఒకటే పొగ. అందరూ బాయిలర్ని మెచ్చుకుంటున్నారు. నేనూ ఫోటో తీసాను. ఫోటోలో అమ్మ దగ్గుతూ పక్కకి తిరిగి ఉంది.

ఆ తర్వాత నేను సోలార్ హీటరు పెట్టిద్దామన్నాను. జాతీయ సౌర మిషన్ కింద 2010 తర్వాత కొన్నేళ్ళు 30 శాతం సబ్సిడీ ఇచ్చారు, మేం మేలుకునేసరికి అది పోయింది. పైగా మేడ ఎవరిదన్న గొడవ. పై అంతస్తు వాళ్ళది కాదు, అందరిదీ, అందరిదీ కాబట్టి ఎవరిదీ కాదు. అసోసియేషను సమావేశాలు అయిదు జరిగాయి. మా కంపెనీలో డేటా సెంటరు మార్చడానికి కూడా అన్ని జరగలేదు. చివరికి 2019లో ఒప్పుకున్నారు, ట్యాంకు బరువు స్తంభం మీదే పడాలన్న షరతుతో. మా బోరు నీళ్ళ ఉప్పుకి గాజు గొట్టాల్లో పొలుసు కడుతుంది, ఏడాదికోసారి కడిగించాలి. అదొక్కటే బాధ. డిసెంబరు, జనవరిలో మన ఆకాశం నిర్మలంగా ఉంటుంది కాబట్టి సరిగ్గా కావాల్సినప్పుడే బాగా పనిచేస్తుంది. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్ళు హీట్ పంపు గురించి కూడా ఆలోచించండి. అది వేడిని పుట్టించదు, చుట్టూ గాల్లో ఉన్న వేడిని నీళ్ళలోకి తోడిపోస్తుంది, ఒక యూనిట్ కరెంటుకి మూడు యూనిట్ల దాకా. పరవాడ టవర్ల దగ్గర పోగొట్టుకున్నది దాదాపుగా వెనక్కొచ్చినట్టే. మన తీరపు గాలి చలికాలంలో కూడా దానికి వెచ్చనే. ధరే ఇంకా ఎక్కువ. 2024లో సూర్యఘర్ పథకం వచ్చాక జనం మేడల మీద కరెంటు పలకలు పెట్టిస్తున్నారు, మా అసోసియేషన్లో ఆరో సమావేశం దాని గురించే.

సోలార్ హీటరు డబ్బు కట్టిన రోజు సాయంత్రం, పాతసామాన్లవాణ్ణి పిలిచి అమ్మ బాయిలర్ని తూకం వేయించింది. పదకొండు కిలోలు. నాలుగు వేల నాలుగొందలు ఇచ్చాడు. నేను ఆపబోయాను. తాతగారిది, హుద్‌హుద్‌లో ఊరిని ఆదుకున్నది, ముగ్గులేసి హాల్లో పెట్టుకుందాం, కనీసం భోగికి ఒక్కరోజు వెలిగించుకుందాం అన్నాను.

అమ్మ నోట్లు లెక్కపెట్టుకుంటూ, "ఊదేది నువ్వేనా?" అంది.

వాడు బాయిలర్ని రిక్షాలో అడ్డంగా పడుకోబెట్టి, మధ్య గొట్టంలోకి చెయ్యి పెట్టి చూసి, మిగిలిన బూడిద మా గేటు ముందే దులిపి వెళ్ళిపోయాడు.